నాలుగో అభ్యంతరం

పన్నెండింటికి పిలుస్తామన్నారంటే పదకొండుకే వచ్చి కూర్చోవడం అతని తీరు. పద్దెనిమిదేళ్ళుగా ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తాగా ఉన్నవాడికి, కాగితం ఎక్కడుంటే మనిషి అక్కడే ఉండాలన్న భయం ఒంట్లో పాతుకుపోతుంది మరి. కాగితం లోపల ఉంది, మున్సిపల్ అధికారి బల్ల మీద, దారం కట్టిన ఫైల్లో. దాని నకలు తన చేతిలో ఉంది. రెండు పేజీలు, ఐదు అభ్యంతరాలు, కింద సంఘ కార్యదర్శిగా తన సంతకం, దాని కింద చర్చి సభ్యులు నూట పన్నెండు మంది సంతకాలు, అందులో పదిహేడు వేలిముద్రలు, ఆ పదిహేడులో ఒకటి అమ్మది. మిగతావాటికంటే కాస్త వంకరగా పడింది, బట్టలు మడతపెడుతూ మధ్యలో వేలు చాపింది కాబట్టి. ఎవరి మీదరా ఇది, అంది. ఎవరి మీదా కాదమ్మా, మన వీధి కోసం, అన్నాడు. సరేలే, నువ్వు రాశావంటే మంచిదే అయ్యుంటుంది, అని వేలు నొక్కి, ఆ సిరా ఉతికిన బట్టలకు అంటకుండా చేతిని దూరంగా పట్టుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుని ఉంటుంది, ఐదు నిమిషాల్లో లేచి కడుక్కునే ఉంటుంది. అయినా సాయంత్రం దాకా అలాగే కూర్చున్నట్టు, ఇప్పటికీ అలాగే కూర్చుని ఉన్నట్టు, ఈ వరండాలో ఆ నీలం వేలే కళ్ళముందు ఆడుతోంది.

వరండా గోడకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ రంగు, పైన సున్నం, కూర్చున్నవాళ్ళ తలలు ఆనిన చోట పొడుగునా జిడ్డు మరక. బెంచీ ఒక్కటే. దాని ఆ చివర టైలరు కూర్చున్నాడు. ఎదుటి పక్షమంటే ఆయనే. వీధి మొదట్లో కుట్టు దుకాణం ఆయనది, ఆ దుకాణం మీద కొత్తగా లేపిన గదిలో వీధిలోని ముస్లింలు నమాజు చేసుకోవడానికి అనుమతి అడిగారు, ఆ అనుమతి ఇవ్వొద్దనే తన చేతిలోని రెండు పేజీలూ చెప్పేది. దుకాణంలోంచి లేచి అలాగే వచ్చేసినట్టున్నాడు, కొలతల టేపు మెడలోనే ఉండిపోయింది.

"ఇటు జరగండి సార్, ఆ మూలకి ఫ్యాను గాలి రాదు."

"పర్లేదండి."

"మీకు పర్లేదు, చొక్కా చూడండి ఎలా తడిసిందో. కుట్టినవాణ్ణి, నాకు బాధ."

జరిగాడు. జరగకపోతే బాగుండేది కాదు, జరిగినా బాగాలేదు. నిజమే, చొక్కా ఆయన కుట్టిందే. పొద్దున బీరువాలో చెయ్యిపెట్టి, ఆఫీసు పని కదా కాలరు నిలబడే చొక్కా వేసుకుందామని తీశాడు తప్ప ఇది ఎవరి చేతి కుట్టో తోచనే లేదు. కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి ఉంటుంది అతనికి, చిన్నప్పుడు ఇసుక తట్టలు మోసిన భుజం, అది బయటికి కనబడకుండా లోపల ఒక పొర ఎక్కువ వేస్తాడు టైలరు, అడక్కుండానే, ఎవరికీ చెప్పకుండానే. తన ఒంటి వంకర తెలిసిన మనిషి మీద అభ్యంతరం చెప్పడానికి ఆ వంకర దాచిన చొక్కా వేసుకొచ్చాడు. ఇలాంటి ఆలోచనలు వస్తాయనే ఖాళీగా కూర్చోకూడదు. ఏదైనా చదువుకోవాలి. ఇంకేముంది చదవడానికి, నకలు తెరిచాడు. ఒకటి: ఇరుకైన వీధిలో వాహనాల రద్దీ. రెండు: మురుగు కాలువ సామర్థ్యానికి మించిన వాడకం. మూడు: పరిచయం లేని వ్యక్తుల రాకపోకలు. నాలుగు: వేళగాని వేళల్లో మోగించు గంట శబ్దము వలన వీధిలోని రోగులకు, వృద్ధులకు, విద్యార్థులకు తీరని అసౌకర్యము.

గంట.

ఇంకోసారి చదివాడు. వేలు పెట్టి చదివాడు, ఆసుపత్రిలో మందుల పేర్లు చదివినట్టు. గంట అనే ఉంది. టైలరు గదికి గంట ఎక్కడిది? వాళ్ళు గంట కొట్టరు, వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. గంట ఉన్నది తమకు. తమ చర్చికి. నాన్న నిచ్చెన వేసుకుని తాడు కట్టి పైకి లాగిన గంట.

ఆసుపత్రిలో ఇలాగే చేస్తారు. రోగి ఇంటికి పోయేటప్పుడు ఇచ్చే కాగితం కొత్తగా ఎవడు రాస్తాడు, రోజుకు నలభై మంది పోతారు, పాతది ఒకటి తీసుకుని పేరు మార్చి, వయసు మార్చి, మందులు మార్చి ఇచ్చేస్తారు. తను ఉద్యోగంలో చేరిన తొలి రోజే పెద్ద గుమాస్తా నేర్పిన పని అది. ఒకసారి డెబ్భై ఏళ్ళ ముసలాయనకిచ్చిన కాగితంలో, కాన్పు సుఖముగా జరిగినది, తల్లీ బిడ్డా క్షేమము, అని వెళ్ళింది. ముసలాయన కొడుకు నవ్వుతూ తిరిగొచ్చి, మా నాన్నకి ఎవరు పుట్టారండీ, ఆడా మగా, అనడిగితే గదిలో అందరూ విరగబడి నవ్వారు. తను నవ్వలేదు. ఆ కాగితం తన చేతిది. ఆ రోజు నుంచి మూడుసార్లు చూడందే ఏదీ సంతకానికి పంపడు, కాగితాలాయన చెయ్యి పడితే తప్పు పోదు అని వార్డుల్లో పేరు కూడా వచ్చింది. ఆ పేరు చూసే కదా చర్చిలో కార్యదర్శిని చేశారు. ఇంటికే కాదు, సంఘం మొత్తానికి డిగ్రీ చదివిన మొదటివాడు తను. పెళ్ళి పత్రిక నుంచి సమాధి రాయి దాకా ఎవరికేం కావాలన్నా, అబ్బాయి రాస్తాడులే.

అబ్బాయి రాశాడు. ఎలా రాశాడంటే, అభ్యంతరపు ఉత్తరం ఎలా ఉండాలో నమూనా కావాలి కదా, చర్చి ఇనప్పెట్టెలో ఒకటి ఉంది, ప్లీడరు చేత రాయించిన గట్టి ఉత్తరం, ఐదు అభ్యంతరాలతో, ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది. తమ మీద వేసింది. తమ రేకుల షెడ్డులో ప్రార్థన ఆపించమని వీధివాళ్ళు ఇదే ఆఫీసుకు పెట్టింది. దాన్ని పారెయ్యలేదు, దాచారు. దాచడమే కాదు, ప్రతి ఏడూ చర్చి వార్షికోత్సవం నాడు పాటలయ్యాక పెద్దాయన లేచి దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు, ఇన్ని అన్నారు మనల్ని, అయినా నిలబడ్డాం అని. ఒక్కో అభ్యంతరం చదవగానే సంఘమంతా స్తోత్రం అంటుంది. ఇరుకైన వీధి, స్తోత్రం. మురుగు కాలువ, స్తోత్రం. చిన్నప్పుడు తనకది పాటలాగే ఉండేది, ఎక్కడ గొంతు పెరుగుతుందో ఎక్కడ తగ్గుతుందో అంతా నోటికొచ్చు. మాటలు అంతగా నోటికొస్తే ఇక చెవికి ఏం వినబడుతుంది? మొన్న సంఘ కూటంలో తను ఈ రెండు పేజీలూ చదివి వినిపించాడు కదా, పేరు మార్చి, తేదీ మార్చి, ఇంటి నంబరు మార్చి. నాలుగో అభ్యంతరం చదివాక వెనక వరసలో ఎవరో ఆవిడ, అలవాటులో పాపం, స్తో— అని ఆగిపోయింది. ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. తనూ కాస్త నవ్వాడు. నవ్వారు గాని ఎవరికీ తట్టలేదు. గంట అని తను చదివాడు, నూరు మంది విన్నారు, సంతకం పెట్టారు.

కాన్పు సుఖముగా జరిగినది.

పెద్దాయన టీ తాగడానికి కిందికి వెళ్ళాడు. సంఘ పెద్ద ఆయన, రైలింజను నడిపి రిటైరయ్యాడు, వీధిలో అందరికీ ఇంజనాయన. కార్యవర్గంలో తను కొంచెం నసిగితే ఆయనే అడ్డుకున్నాడు. "మనకోసం ఎవడొచ్చాడ్రా? షెడ్డుకి సీలేసిన రోజు ఎవడన్నా నోరు విప్పాడా? ఈళ్ళ జనం ఎక్కువున్న చోట మనవాళ్ళ గతి ఏంటో పేపర్లో చూడ్డంలా నువ్వు? పెద్ద చదువుకున్నావు." పాస్టరుగారు అంత ముతకగా అనలేదు, ఆయన మాట మెత్తన, నాయనా, మనం సత్యం ఎరిగినవాళ్ళం, అసత్యానికి మన చేత్తో తలుపు తియ్యమని దేవుడు ఎక్కడా చెప్పలేదు, అన్నాడు. ఆ మాట దగ్గరే తను ఆగిపోయాడు. ఎందుకంటే తనూ అదే నమ్ముతాడు. దొంగ మాటలెందుకు, అన్ని దారులూ ఒకటే అని తను ఏనాడూ అనుకోలేదు, ఈ బెంచీ మీద తన పక్కన కూర్చున్న మనిషి దారి తప్పాడనే అనుకుంటాడు, అప్పుడప్పుడు ఆయన కోసం ప్రార్థన కూడా చేశాడు, పేరు చెప్పి. మరి తప్పనుకున్నదాన్ని ఉండనివ్వండి అని తను ఏ నోటితో అడగాలి? కానీ ఆయన తప్పు ఆయనకీ దేవుడికీ మధ్య ఉన్నది గదా, ఆ మధ్యలో తాళం పట్టుకుని నుంచోమని తనకెవరు చెప్పారు? నాన్న ఉంటే అడిగేవాడు. నాన్న తాపీ పట్టినవాడు, చదువు లేదు, వాక్యం మటుకు విని విని పట్టాడు. షెడ్డుకి సీలేసినప్పుడు కుర్రాళ్ళు కొందరు, రాత్రికి రాత్రి ఎదుటివాళ్ళ గుళ్ళకీ మసీదులకీ కూడా తాళాలేస్తాం అని ఎగిరితే నాన్న సున్నం చేతులు కడుక్కుంటూ అన్నాడు, బలవంతాన మోకాళ్ళేయిస్తే అది మోకాలి నొప్పేరా, ప్రార్థన కాదు, బలవంతాన లేపేసినా అంతే. ప్రభువు తలుపు తడతాడు గాని గొళ్ళెం పీకడు. అక్కడితో ఊరుకున్నారు. ఇప్పుడా కుర్రాళ్ళే సంఘ పెద్దలు. నాన్న లేడు. నాన్న కట్టిన గోడ ఉంది, ఆ గోడ లోపల ఇనప్పెట్టె ఉంది.

సీలు వేసిన రోజు తనకు తొమ్మిదేళ్ళు. లక్క కరిగించే వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది, ఆసుపత్రిలో ఎక్కడైనా రబ్బరు కాలినా అదే గుర్తొస్తుంది. ఇద్దరు ఉద్యోగులు, ఒక కొవ్వొత్తి. ఎర్ర లక్క తాళం మీద బొట్లు బొట్లుగా పడుతుంటే అమ్మ తన కళ్ళు మూసింది, వేళ్ళ సందులోంచి తను చూశాడు. లక్కని కాదు, వీధిని. మేడల మీద మనుషులు, కిటికీల్లో మనుషులు. ఎవరో ఒకరు మాట్లాడతారని చూశాడు. రోజూ తన బుగ్గ గిల్లే ఆవిడ, తన బడి పంతులు, ఎవరో ఒకరు వచ్చి, ఎందుకయ్యా పాపం, వాళ్ళ మానాన వాళ్ళు పాడుకుంటున్నారు అంటారని. ఒక్క మొహం నుంచి ఇంకో మొహానికి చూసుకుంటూ పోయాడు. వీధి మొదట్లో అప్పుడే దుకాణం పెట్టిన కుర్ర టైలరు, చేతిలో కత్తెర పట్టుకుని గడప మీద నిలబడి, తను ఆయన్నే చూస్తున్నాడని చూసి, వెనక్కి వెళ్ళి షట్టరు దించేశాడు. సగం దించాడు. కింద ఆయన కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి, లోపల నిలబడే ఉన్నాయి, కదల్లేదు. పద్నాలుగు నెలలు మూసిన తలుపు ముందు మెట్ల మీద మోకరించారు అమ్మావాళ్ళు. వానలో కూడా.

"ఏంటి సార్, అదే పనిగా చూస్తున్నారు ఆ కాగితం. తప్పులేమన్నా పోయాయా?"

ఉలిక్కిపడి మడిచేశాడు. "లేదండి. ఊరికే."

టైలరు మెడలో టేపుని అప్పుడే గమనించుకున్నట్టు తీసి చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు చుట్టాడు. "మా ఆవిడ అంటోంది, నువ్వెళ్ళి ఏం చెప్తావ్, ఆ రోజు వాళ్ళకి నువ్వు చెప్పావా అని. నిజమే మరి. మీరు చిన్నపిల్లాడు, మీకు గుర్తుండదు."

గుర్తుంది అనాలి. షట్టరు సగమే దించారు మీరు, మీ కాళ్ళు కనబడ్డాయి అనాలి. "ఎప్పుడూ?" అన్నాడు.

"పోన్లెండి. ముప్పై ఏళ్ళయింది, రోజూ షట్టరు దించుతా, రోజూ ఆ చప్పుడు వింటా. కొత్తగా దుకాణం పెట్టాను, భయపడ్డాను, అంతే. ఇంకేం లేదు." టేపు జేబులో పెట్టుకున్నాడు. "మీరు చదువుకున్నవారు. మీకు భయం ఉండదులెండి."

ఎగతాళి చేస్తున్నాడా అని మొహం చూశాడు. లేదు. అది నిజంగానే అనుకుంటున్నాడు. ఎగతాళి అయితే బాగుండేది, కోపం తెచ్చుకోవచ్చు, కోపంతో లోపలికెళ్ళి గట్టిగా మాట్లాడొచ్చు. భయం లేదట. ఇప్పుడు లేచి లోపలికెళ్ళి, అయ్యా, ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాం అంటే ఏమవుతుంది? ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎలా ఉండాలో తెలుసు, రాయమంటే తప్పు లేకుండా రాస్తాడు కూడా. అని చూస్తాడు లోలోపల, నోరు ఆడించి చూస్తాడు. ఆ తరవాత ఆదివారం. చర్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతుంటే ఎవరూ పలకరించరు. పెద్దాయన మొహం తిప్పుకుంటాడు. అమ్మ పక్కన బల్ల మీద ఎవరూ కూర్చోరు, ఆమె ఇటూ అటూ చూస్తుంది, ఏమైందిరా అంటుంది. ఎనభై ఏళ్ళ మనిషి, ఇసుక మోసి కట్టిన చర్చిలో ఒంటరిగా. ఇదంతా అమ్మ కోసం అనుకోవడం బాగానే ఉంది. అమ్మ కోసం కాదు, తన కోసం, అబ్బాయి రాస్తాడులే అన్న మాట కోసం. నలభై ఏళ్ళు వచ్చినా ఆ మాట వింటే కడుపు నిండుతుంది. అది పోతే తను ఎవరు, రికార్డుల గదిలో ఒక గుమాస్తా. నమ్మకం ఉన్నవాడికి భయమెందుకు అని ఆదివారాలు వింటూనే ఉన్నాడు, మరి పక్కింటివాడి మోకాళ్ళంటే ఇంతమందికి ఇంత భయం ఎందుకు, అందరిలోకీ తనకు ఎందుకు? ఈ అధికారి చేతికి తాళం తామే ఇస్తే రేపు దాన్ని ఏ తలుపుకి వేస్తాడో ఎవరికి తెలుసు అని కూడా అనిపిస్తుంది. అదీ భయమే. తన బుర్రలోకి వచ్చే మంచి మాట కూడా భయం వేషం వేసుకునే వస్తుంది. ప్రార్థన చేద్దామా అనుకున్నాడు. కళ్ళు మూశాడు. ఏమని అడగాలి, ధైర్యం ఇమ్మనా, ధైర్యం ఇస్తే లేవాలి కదా. ఇవ్వొద్దు అని లోపల ఎవరో అన్నారు, చాలా మర్యాదగా, తన గొంతుతోనే.

మెట్ల మీద పెద్దాయన ఆయాసం వినబడింది, వెంటనే అటెండరు పిలుపు. ముగ్గురూ లోపలికెళ్ళారు. గది చిన్నది, ఫైళ్ళు నేల మీద కూడా ఉన్నాయి. అధికారి కుర్చీలో వెనక్కి వాలి ఉత్తరాన్ని పెదవులు కదలకుండా చదువుకుపోతున్నాడు, ఒకటి, రెండు, అతనికి ఆయన కళ్ళు ఏ వరుస మీద ఉన్నాయో తెలుస్తూనే ఉంది, మూడు. కళ్ళు ఆగాయి.

"ఏమయ్యా, మీ దాంట్లో గంట ఉందా?"

"లేదు సార్," అన్నాడు టైలరు. "మాకు గంట ఉండదు."

"మరి గంట అని రాశారే?" అధికారి కళ్ళజోడు పైనుంచి అతన్ని చూశాడు. "మీరేనా రాసింది?"

ఇదే. ఇంతకంటే బాగా ఎవరూ తలుపు తియ్యరు. ఎవరో తట్టినట్టే ఉంది, మెల్లగా, గొళ్ళెం జోలికి రాకుండా. పక్కన పెద్దాయన గంట ఏంటని బిక్కమొహం వేశాడు. టైలరు తన వంకే చూస్తున్నాడు, మేడల మీది మొహాల్ని తను చూసినట్టు. ఈ కాగితం మాది కాదు సార్, మా మీద వేసింది, మేం దాన్ని ఎత్తిరాశాం. అంతే. నోరు తెరిచాడు. నాలుక మీద ఆ వాక్యం ఉంది, దాని బరువు తెలుస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా కాగితాల్లో తప్పులు దిద్దిన చెయ్యి ముందుకొచ్చింది.

"పొరపాటున పడిందండి," అన్నాడు. "ఆ ఒక్కటీ కొట్టేయండి."

"అదీ, అలా చెప్పండి." అధికారి పెన్ను తీసి నాలుగో అభ్యంతరం మీద అడ్డంగా గీత గీశాడు. ఐదోదాన్ని నాలుగు చేశాడు. "దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టండి." పెట్టాడు. తన సంతకం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఇప్పుడూ అలాగే వచ్చింది. ఇప్పుడిక తప్పు లేదు కాగితంలో. మిగిలిన నాలుగూ సబబుగానే ఉన్నాయి, విచారణ తేలేదాకా గదికి సీలు వేయమని రాస్తున్నాను అన్నాడు అధికారి. టైలరు "మంచిదండి," అన్నాడు. అతని వైపు చూడలేదు, చొక్కా భుజం వైపు చూసినట్టు అనిపించింది.

వరండాలో పెద్దాయన వీపు చరిచాడు. "శభాష్. ఆ గంట తిరకాసు పెడతాడేమో అనుకున్నా, భలే సర్దావు." టైలరు మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. "సార్, మీ పాటలవాళ్ళ గౌన్లు శనివారానికి అయిపోతాయి. ఇరవై నాలుగూ. ఎవరినైనా పంపండి, ఆదివారం వార్షికోత్సవం కదా మీకు," అని దిగిపోయాడు. కొవ్వొత్తీ ఎర్ర లక్కా పట్టుకుని సీలు వేసేవాళ్ళు శనివారం లోపే వస్తారు. మెషిన్ల చప్పుడు కింద, లక్క వాసన పైన. ఈసారి వీధిలో ఏ పిల్లాడు మొహాలు వెతుక్కుంటాడో, తను ఏ కిటికీ వెనక ఉంటాడో.

"అన్నట్టు," అన్నాడు పెద్దాయన అతని భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "నా కళ్ళు ఆనడం లేదురా. ఈ ఏడు ఆ పాత కాగితం నువ్వే చదవాలి."

చదువుతాడు. అబ్బాయి బాగా చదువుతాడు. ఎక్కడ గొంతు పెంచాలో తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు. ఐదు అభ్యంతరాలూ చదవాలి, ఆ కాగితంలో దేన్నీ కొట్టెయ్యనక్కర్లేదు. తమకు గంట ఉంది.